హులిగెమ్మకు కడప చూపించిన మూడు దినాలు

రైలు దిగిన చుట్టాన్ని ఎవరైనా ముందు ఇంటికి తీసుకుపోతారు. కాళ్లకు నీళ్లిచ్చి, ఇంత మజ్జిగ పోసి, ఊరి సంగతి తర్వాత చూసుకుంటారు. సుబ్బరత్నమ్మ మాత్రం కడప స్టేషన్‌లో హులిగెమ్మ చేతిలోని రేకుపెట్టె అందుకుంటూనే జట్కా ఎక్కి, "పెద్ద దర్గా కాడికి పోనీప్పా" అంది.

"పెట్టెతోనేనా తల్లీ?" అన్నాడు జట్కా సాయిబు.

"పెట్టేమన్నా నీ గుర్రాన్ని కరుస్తాదా? పోనీ."

హులిగెమ్మ కిసుక్కున నవ్వింది. ఆమెది ఆదోని అవతల కౌతాళం పక్కన ఒక పల్లె. ఎర్రంచు నేతచీర కట్టుకుని, మోచేతుల దాకా పచ్చగాజులు వేసుకుని వచ్చింది. జట్కాలో ఎదురెదురుగా కూర్చోగానే ఇద్దరి చూపులూ ఒకరి మెడ కింది గుంటల మీదికి ఒకరివి పోయాయి. మదనపల్లె క్షయాసుపత్రిలో ఏడాదికి పైగా పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్లు. ఆ గుంటలు ఎంతవరకు పూడినాయో చూసుకోవడమే వాళ్లకు పలకరింపు.

"ఎంతుండావు?" అంది సుబ్బరత్నమ్మ.

"నూటనాలుగు పౌన్లు. నువ్వో రత్నక్కా?"

"నూటొకటి. మా ఆయన పనిచేసే శనక్కాయల మిల్లులో మూటల తక్కెడ మింద తూగినా."

"నేను పత్తి మండీలో తూగితి. దుడ్లు అడుగుతాడేమోనని భయపడితి. అడగల్యా."

సాయిబు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఈ ఇద్దరాడవాళ్లు దేన్ని అమ్మబోతున్నారో అతనికి అంతుపట్టలేదు.

ఇంటికి ఎందుకు పోలేదంటే, అది అన్నాలవేళ. ఇంటి ముందరి వసారాలో ఒక గూడుంది. గూట్లో అన్నం తినే సత్తు తట్ట ఒకటి, సత్తు లోటా ఒకటి ఉంటాయి. అవి సుబ్బరత్నమ్మవి. ఆ గూడు హులిగెమ్మ కంట పడకూడదు. ఉగాదినాటి సాయంత్రం ఆమె తిరిగి రైలెక్కేదాకా ఎట్లాగో గడిపేస్తే చాలు.

ఎనిమిది నెలల కింద, జబ్బు పూర్తిగా నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితంతో సుబ్బరత్నమ్మ ఇంటికి వచ్చింది. అత్త రామసుబ్బమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని దేవుని పటం వెనక దోపింది. తట్టను మాత్రం వేరుగానే పెట్టింది. చెడ్డమనిషి కాదు. పాలలో మీగడ కోడలికే, కోడిగుడ్డు కోడలికే. కానీ ఆమె చెల్లెలూ తమ్ముడూ ఒకే ఏడు ఇదే దగ్గుతో పోయారు. రెండు పాడెలు చూసిన మనిషికి కాగితం మీద నమ్మకం కుదరలేదు. వంటింట్లోకి రావొద్దంది. నీళ్ల బిందె ముట్టొద్దంది. మూడున్నరేళ్ల మనవరాలు సుంకిని ఎత్తుకోవద్దంది. తల్లి వసారాలో కూర్చుని బొంతలు కుడుతుంటే, కూతురు గడప లోపల నిలబడి సూది ఎట్లా పోతోందో చూసేది. మొగుడు నారాయణ నోరులేని మనిషి. తల్లికీ పెళ్లానికీ మధ్య ఎనిమిది నెలలుగా తలొంచుకుని నడుస్తున్నాడు.

హులిగెమ్మకు రాసిన జాబుల్లో ఇదేమీ లేదు. హులిగెమ్మకు అక్షరాలు ఆస్పత్రి మంచం మీద సుబ్బరత్నమ్మే నేర్పింది. ఆ అక్షరాలతోనే ఆమె మొదటి జాబు రాసింది, అన్న తనను కొట్టంలో ఎద్దుల పక్కన పండుకోబెడుతున్నాడని. దానికి "నేనూ వసారాలోనే" అని జవాబు రాయడానికి సుబ్బరత్నమ్మకు చెయ్యి రాలేదు. వంట నేనే చేస్తున్నానని రాసింది. సుంకి నా చేత్తో పెడితే తప్ప తినదని రాసింది. ఒకటి రాశాక రెండోది రాయక తప్పలేదు. హులిగెమ్మ ప్రతి జాబు చివరా "మీ యింట్లో అయినట్లే మా యింట్లో గూడా ఒక దినం అయితాదని ఉండా" అని రాసేది. ఉగాదికి వస్తా, నీ కడపను చూస్తా, నీ బిడ్డను చూస్తా అని ఆమే రాసింది. వద్దని ఏ నోటితో చెప్పడం?

అత్తతో ఇంకో అబద్ధం. ఇంకొక రోగిని గడప తొక్కనిస్తుందా ఆమె? అందుకే, "మదనపల్లె ఆస్పత్రిలో నర్సు అత్తా. నన్ను శానా బాగా చూసుకున్యాది. పండగకు పిలిచినా" అంది. రామసుబ్బమ్మ వెంటనే అటక మీది కంచు తట్ట దింపించింది.

కాబట్టి ఈ మూడు రోజులూ అత్తనూ హులిగెమ్మనూ ఎక్కువసేపు ఒకచోట ఉంచకూడదు. అందుకు కడప పట్టణమే దిక్కు.

దర్గా చూశారు. మెట్ల పక్కన చెట్టు నీడలో పెట్టె పెట్టుకుని, అంగట్లో ఆకులో కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని తిన్నారు. హులిగెమ్మ ఊరి కబుర్లు చెబుతోంది. అన్న కొత్త ఎద్దుల జత కొన్నాడట. ఎక్కడో గంట రెండు కొట్టింది. ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. సుబ్బరత్నమ్మ కూడా నోరు మూసుకుంది. ఆస్పత్రిలో రెండు నుంచి నాలుగు దాకా మాట్లాడకూడదు, కదలకూడదు. ఊపిరితిత్తులకు విశ్రాంతి అనేవాళ్లు. ఇద్దరూ చెట్టుకు ఆనుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని అట్లాగే ఉండిపోయారు.

గాజులమ్ముకునే మహబూబ్‌బీ అటుగా వచ్చింది. సుబ్బరత్నమ్మ ఇంటికి రెండిళ్ల అవతల ఆమె ఇల్లు. "ఏమ్మే రత్నా, ఎవురీమె? కొట్లాడుకున్యారా ఏంది, మాటా పలుకూ లేకుండా కూచోనుండారు?" అంది.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అంత హాయిగా నవ్వి సుబ్బరత్నమ్మకు ఎన్ని నెలలైందో.

సాయంత్రం ఇక ఇంటికి పోక తప్పలేదు. రామసుబ్బమ్మ గడప దగ్గరే నీళ్ల చెంబుతో నిలబడింది. "రా తల్లీ. మా కోడల్ని బతికించినదానివి. ఆస్పత్రిలో శానా పని ఉంటాది గదా?"

"పనేముంటాది పెద్దమ్మా? తినేది, పండుకునేది" అంది హులిగెమ్మ కాళ్లు కడుక్కుంటూ.

రామసుబ్బమ్మ పక్కున నవ్వింది. పని చెప్పుకోని మనుషులంటే ఆమెకు గౌరవం. సుబ్బరత్నమ్మ వెంటనే మాట అందుకుంది. "అత్తా, రైల్లో నిద్రల్యా ఆమెకు. తొందరగా అన్నం పెట్టు" అని తొందరపెట్టి, తనకు కడుపులో బాగాలేదు, మజ్జిగ చాలని వసారాలోనే ఉండిపోయింది.

నడిమింట్లో కంచు తట్ట ముందు కూర్చున్న హులిగెమ్మ ఒళ్లోకి సుంకి పిలవకుండానే ఎక్కింది. గాజులు ఒక్కొక్కటే పట్టుకుని లెక్కపెట్టింది. హులిగెమ్మ రాగిసంగటి ముద్దలో వేలితో గుంట చేసి, పప్పు పోసి, చిన్న ముద్ద చేసి దాని నోట్లో పెట్టింది. గడప అవతల నుంచి చూస్తున్న సుబ్బరత్నమ్మ చేతివేళ్లు తమంతట తామే ముద్ద చేస్తున్నట్టు కదిలాయి. వెంటనే వాటిని కొంగులో దాచుకుంది. హులిగెమ్మ అటు చూసిందో లేదో తెలియలేదు. ఆ పూట సుంకి హులిగెమ్మ పక్కనే పడుకుని నిద్రపోయింది.

రెండోరోజు పొద్దున్నే సుబ్బరత్నమ్మ ఆమెను మళ్లీ బయలుదేరదీసింది. ఏడు రోడ్లు కలిసేచోట హులిగెమ్మ నడిరోడ్డు మీద నిలబడి వేళ్లు మడిచి రోడ్లు లెక్కపెట్టింది. ఎంత లెక్కపెట్టినా ఆరే వచ్చాయి. "నువ్వు నిలబడిన రోడ్డు ఎవురు లెక్కపెడతారే?" అంది సుబ్బరత్నమ్మ. నాపబండలు కోసేచోటికి పోయారు. ఒక ముసలాయన బండ మీద నీళ్లు చల్లి, ఇసుక వేసి, రాయితో రాయిని రుద్దుతున్నాడు. బూడిదరంగు బండ తడికి నల్లగా తేలుతోంది. దుమ్ము లేచేసరికి ఇద్దరూ కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని, చెప్పుకోకుండానే నాలుగడుగులు వెనక్కి వేశారు.

మధ్యాహ్నం బుగ్గవంక ఇసుకలో దిగారు. వంకలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. ఇసుకలో చెలమలు తీసి పుచ్చతీగలు పెట్టారు. ఒక కాయ కొని గట్టు మీద పగలగొట్టుకుని తిన్నారు.

"రత్నక్కా" అంది హులిగెమ్మ విత్తనాలు ఉమ్మేస్తూ. "దర్గా చూపిస్తివి. రోడ్లు చూపిస్తివి. బండలు గూడా చూపిస్తివి. నీ వంటిల్లు చూపియ్యవా?"

"వంటింట్లో ఏముందిలే. అంతా పొగ."

"నువ్వు వండిన కూడు తినాలని ఉండాది నాకు."

"రేపు పండగ గదా. రేపు చూద్దాంలే. ఎండ ఎక్కువైతాంది, లే."

సుబ్బరత్నమ్మ ముందు నడిచింది. వెనక నుంచి హులిగెమ్మ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే సుబ్బరత్నమ్మను ఎక్కువ భయపెట్టింది. రేపటి భోజనం ఒక్కటే మిగిలింది. పండగపూట ఇంటిల్లిపాదికీ విస్తరాకులే కాబట్టి సత్తు తట్ట బయటికి రాదు. చల్లగా ఉందని చెప్పి ఇద్దరూ వసారాలోనే కూర్చుంటే సరిపోతుంది. దారి పొడుగునా ఆమె ఈ లెక్కే వేసుకుంటూ నడిచింది.

ఉగాదినాడు తెల్లవారే రామసుబ్బమ్మ హులిగెమ్మను పీట మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది. మాడున అరచేత్తో తట్టి తట్టి పట్టించింది. సుబ్బరత్నమ్మ తన నూనె తానే రాసుకుని, తన నీళ్లు తానే పోసుకుంది. తల ఆరకముందే మహబూబ్‌బీ టెంకాయల బుట్టతో వచ్చి పిలిచింది. ముగ్గురూ దేవుని కడప గుడికి నడిచారు.

గుడి ముందర తురకల గుంపు చూసి హులిగెమ్మ ఆగిపోయింది. ముసుగులు వేసుకున్న ఆడవాళ్లు, టోపీలు పెట్టుకున్న మగవాళ్లు టెంకాయలు, పూలు, బెల్లం పట్టుకుని వరసగా లోపలికి పోతున్నారు. పూజారి అందరి పేర్లూ అడుగుతున్నాడు.

"ఇదేంది? వీళ్లు మన గుడికా?" అని గుసగుసగా అడిగింది.

మహబూబ్‌బీ విననే విన్నది. "మీ గుడేందిమ్మా? మా ఆడబిడ్డనిచ్చిన ఇల్లిది. మా బీబీ నాంచారమ్మ ఈడనే ఉండాది, ఎంకటేశుని కాడ. ఇచ్చిన బిడ్డ ఎట్లుండాదో ఏటికొకసారన్నా వచ్చి చూసిపోవల్ల గదా. రాకపోతే ఆ ఇంట్లో బిడ్డకేం విలువుంటాది?"

 హులిగెమ్మ టెంకాయ కొట్టించుకుని వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, "నన్ను మా అన్న ఆస్పత్రిలో వదిలిపెట్టి, ఒక్కసారి గూడా చూడనీకి రాల్యా అక్కా. నువ్వొక్కదానివే ఆడ నాకు" అంది. ఏడవలేదు. ఎండకు కళ్లు చికిలించుకుని నడుస్తూనే చెప్పింది. సుబ్బరత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంటి మలుపు వచ్చేదాకా వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి విస్తర్లు వేసి ఉన్నాయి. నడిమింట్లో నారాయణకొకటి, దాని పక్కన హులిగెమ్మకొకటి. వసారాలో గూటి కింద ఒకటి.

"అత్తా, మేమిద్దరం ఈడ చల్లగా కూచుంటాం" అంది సుబ్బరత్నమ్మ.

"పండగపూట ఇంటికొచ్చిన మనిషిని వసారాలో కూచోబెడతామా? నువ్వు రా తల్లీ లోపలికి" అని రామసుబ్బమ్మ హులిగెమ్మ చెయ్యి పట్టి తీసుకుపోయింది. సుంకి పోయి ఆమె ఒళ్లో కూర్చుంది. సుబ్బరత్నమ్మ వసారాలో తన ఆకు ముందు కూర్చుంది. నీళ్లు లోటాలో పోసి ఉన్నాయి. గడపకు అవతల హులిగెమ్మ ముఖం నేరుగా కనిపిస్తోంది. సుబ్బరత్నమ్మ తలెత్తలేదు.

వేపపూత పచ్చడి వేసింది రామసుబ్బమ్మ. చిత్రాన్నం పెట్టింది. పూర్ణం ఓళిగలు వేసి, నెయ్యి గిన్నె పట్టుకుని హులిగెమ్మ ముందు కూలబడింది.

"అమ్మా, నర్సుగా ఎంతమందిని చూసింటావో నువ్వు. నాకొక మాట చెప్పు. మా కోడలి జబ్బు నిజంగా పోయినట్లేనా? కాగితం రాసిచ్చినారు. రాసినాయప్ప నా ఇంట్లో ఉంటాడా? నువ్వు దగ్గరుండి చూసినదానివి. తల్లిని బిడ్డకు దూరం పెట్టి నేనేమన్నా సుఖపడతాండానా? ఎత్తుకోవచ్చునని నువ్వొక మాటంటే ఈ పొద్దే ఎత్తుకోమంటా."

సుబ్బరత్నమ్మ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. తన అబద్ధం ఇంత మేలు చేస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఒక్క మాట చాలు. తలెత్తి గడప మీదుగా హులిగెమ్మను చూసింది. చెప్పు తల్లీ, చెప్పు అని కళ్లతోనే బతిమాలింది.

హులిగెమ్మ నర్సు అన్న మాటకు మొదట బిత్తరపోయింది. తర్వాత సుబ్బరత్నమ్మను చూసింది. కాసేపు చూసింది. ఒళ్లో సుంకిని సర్దుకుని కూర్చోబెట్టుకుంది.

"నేను నర్సును గాదు పెద్దమ్మా. రత్నక్కది పదకొండో నంబరు మంచం. నాది పన్నెండు."

రామసుబ్బమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె చేతిలో గిన్నె ఒరిగి, నెయ్యి బండ మీద కారింది.

"ఆయమ్మకన్నా నాకే ముదిరిండె. నోట్లో రక్తం గూడా పడె" అంది హులిగెమ్మ. గొంతు పెంచలేదు. "మూడు దినాల్నించి మీ కంచు తట్టలో తింటి. మీ మనవరాలు నా పక్కలో పండుకునె. పొద్దున మీ చేత్తోనే నా తలకు నూనె పెడితిరి. నాది పోయింటే రత్నక్కది గూడా పోయినట్లే పెద్దమ్మా. పోల్యా అనుకుంటే ఇద్దరిదీ పోల్యా. నాకు గూడా కాగితమిచ్చినారు. పెట్టెలో ఉండాది."

ఆ క్షణాన సుబ్బరత్నమ్మకు హులిగెమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. నోటి దగ్గరికొచ్చిన కూడు నేలపాలు చేసింది గదా అనిపించింది.

రామసుబ్బమ్మ మనవరాలి కోసం చెయ్యి చాచింది. సుంకి నోటినిండా ఓళిగ పెట్టుకుని నములుతోంది. చాచిన చెయ్యి సగంలో నిలిచి, వెనక్కి పోయింది.  నారాయణ తన ఆకులోకి చూస్తూనే గొంతు సవరించుకున్నాడు.

"మా, ఆయమ్మ ఆకులో ఓళిగ అయిపోయింది. వెయ్యి" అన్నాడు.

ఎనిమిది నెలల్లో ఈ సంగతి మీద అతను నోరు విప్పడం అదే. రామసుబ్బమ్మ ఓళిగ వేసింది. దాని మీద నెయ్యి కూడా పోసింది.  తర్వాత లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. హులిగెమ్మ బయలుదేరేటప్పుడు కూడా బయటికి రాలేదు.

స్టేషన్‌లో రైలు ఆలస్యమన్నారు. ఇద్దరూ పెట్టె మీద కూర్చున్నారు.

"ఎందుకు చెప్పినావే?" అంది సుబ్బరత్నమ్మ చివరికి. "అవునని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయిండేది?"

"అంటే ఈ పొద్దు నమ్ముతుండె. రేపు నీకు పడిశం పట్టి నాలుగుసార్లు దగ్గితే? నర్సమ్మ మాట యాడికి పోతాదో, నువ్వు మళ్లీ యాడుంటావో నువ్వే చెప్పు. నన్ను చూసింది గదా ఆయమ్మ ఇప్పుడు. చూసినదాన్ని మర్సిపోనీకి గాదు."

సుబ్బరత్నమ్మ రైలు వచ్చే దిక్కు చూసింది. "నేను రాసిన జాబులన్నీ అబద్ధం" అంది.

"తెల్సు. మొదటి దినం సందేళే చూస్తి గూట్లో తట్ట. నాకూ అట్లాంటిదే ఉండాది. అయినా అక్కా, కొట్టంలో పండుకుని ఆ జాబులు నేను ఎన్నిసార్లు చదివింటానో. నువ్వు సుంకికి అన్నం పెట్టేది, జడేసేది. శానా బాగా రాసింటివి." హులిగెమ్మ నవ్వబోయింది, సాగలేదు. "ఇంగ మింద నిజమే రాయి. నేను గూడా నిజమే రాస్తా."

రైలు వచ్చింది. పెట్టె లోపలికి అందించాక కిటికీలోంచి పట్టుకున్న చెయ్యి రైలు కదిలేదాకా పట్టుకునే ఉంది. ఈ మనిషి మీదనా మధ్యాహ్నం తనకు అంత కోపం వచ్చింది అని సుబ్బరత్నమ్మ సిగ్గుపడింది. మళ్లీ కొట్టంలోకే పోతోంది గదా అని రైలు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నడిమింట్లో ఎవరూ లేరు. పెరట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పోయి చూసింది.

బావి దగ్గర ఇంట్లోని సామానంతా కుప్ప పడి ఉంది. కంచు తట్టలు, ఇత్తడి బిందెలు, చెంబులు, గరిటెలు, సుంకి పాలగిన్నె, అన్నీ. పక్కన పొయ్యి మీద కొప్పెరలో నీళ్లు మసులుతున్నాయి. రామసుబ్బమ్మ కొంగు నడుముకు దోపి, చింతపండూ బూడిదా వేసి తోముతోంది. తోమినదాని మీద వేడినీళ్లు కుమ్మరిస్తోంది. హులిగెమ్మ ముట్టినదంతా కడిగేస్తోందని సుబ్బరత్నమ్మకు చూడగానే తెలిసింది.  ఏదో ఒక మాట అనేద్దామని నోరు తెరిచింది. అప్పుడు ఆ కుప్పలో బిందెకూ కంచు తట్టకూ మధ్య తన సత్తు తట్ట కనిపించింది. లోటా అప్పటికే కడిగిన చెంబుల వరసలో బోర్లించి ఉంది.

"నేను తోముతా అత్తా" అంది.

"అయిపోవచ్చింది. పోయి కూచో. ఆయమ్మ రైలెక్కిందా?"

"ఎక్కింది."

"దారికి నాలుగు ఓళిగలు కట్టియ్యాల్సింది. తోచలేదు నాకు" అంది రామసుబ్బమ్మ, తల ఎత్తకుండానే.

సుంకికి నిద్రవేళ అయింది. అవ్వ వీపు మీద పడి, చీర పట్టుకుని లాగి, ఎత్తుకోమని రాగం తీస్తోంది. ముసలామె మోచేత్తో పక్కకు నెట్టింది. అది మళ్లీ వచ్చి పడింది.

"నిలబడి చూస్తాండావేందిమే?" అంది రామసుబ్బమ్మ విసుగ్గా. "నా చేతులు బూడిదలో ఉండేది కనపడలా? ఎత్తుకో దాన్ని."

సుబ్బరత్నమ్మ అక్కడే నిలబడింది. తప్పు విన్నానేమో అనుకుంది. అత్త ఇంకో బిందె దగ్గరికి లాక్కుంది. సుబ్బరత్నమ్మ చేతులు చీరకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, కూతురి ముందు వంగింది. ఆమె చేతులు ఈ బిడ్డను ఏడాదిన్నర వయసులో దింపినవి. ఆ బరువుకే సిద్ధపడి పట్టుకున్నాయి. మొదటిసారి బిడ్డ లేవలేదు. సుబ్బరత్నమ్మ ఇంకాస్త కిందికి వంగి, రెండు చేతులూ వేసి, గట్టిగా ఎత్తుకుంది.